పంపును తిట్టే ముందు గొట్టాన్ని చూడండి

ప్రశ్న: మాస్టారూ, మాది కాకినాడ. ఫ్రాన్స్‌లోని తూలూజ్‌లో విమాన పరిశ్రమలో ఇంజనీరుగా పనిచేస్తున్నాను. మా ఇంటి యజమాని, ఎనభై దాటిన పెద్దాయన, ఇక కారు నడపలేనని తన 1998 నాటి సిట్రోయెన్ గ్జాంతియా డీజిల్ కారును దాదాపు ఊరికే నా చేతిలో పెట్టారు. ఏడాది పాటు పల్లకీలా తిప్పింది. పోయిన వారం పొద్దున స్టార్ట్ చేస్తే, ఎప్పుడూ ఆయిల్ ఒత్తిడితో లేచే ముందు భాగం పైకి లేవలేదు. ఇంజను దగ్గర ఒకటే మూలుగు. మీటరు మధ్యలో ఎర్రగా 'స్టాప్' అనే దీపం వెలిగి ఆరడం లేదు. స్టీరింగు ఒక క్షణం తేలిగ్గా, మరో క్షణం బిగదీసినట్టు తిరుగుతోంది. ఆయిల్ డబ్బా మూత తీస్తే లోపలంతా ఆకుపచ్చ నురగ. దగ్గర్లోని గ్యారేజీ వాళ్లు బానెట్ ఎత్తి రెండు నిమిషాలు చూసి, "హైడ్రాలిక్ పంపు పోయింది, కొత్త పంపు, కూలీ కలిపితే కారు విలువను దాటిపోతుంది, తుక్కుకు ఇచ్చేయండి" అన్నారు. నాకు షెడ్డు ఉంది, పానాలున్నాయి, ఓపిక కూడా ఉంది. పంపు విప్పి సీళ్లు నేనే మార్చుకోవచ్చా? లేక మెల్లగా నడుపుకుంటూ మరో గ్యారేజీకి తీసుకెళ్లమంటారా?

సమాధానం: మీ చివరి ప్రశ్నకు ముందు జవాబు చెబుతాను, ఎందుకంటే అది ప్రాణాల సంగతి. మెల్లగా కూడా నడపవద్దు. వీధి మలుపు దాకా కూడా వద్దు. మామూలు కారులో సస్పెన్షన్ చెడితే నడుం నొప్పి వస్తుంది, అంతే. మీ గ్జాంతియాలో సస్పెన్షన్, బ్రేకులు, స్టీరింగు మూడూ ఒకే డబ్బాలోని ఆయిల్‌తో, ఒకే పంపు మీద బతుకుతాయి. బ్రేకు పెడల్ కింద మామూలు కార్లలో ఉండే మాస్టర్ సిలిండర్ ఇందులో లేదు. ఉన్నది ఒక వాల్వు మాత్రమే. మీ కాలు ఆ వాల్వును తెరుస్తుంది, చక్రాన్ని ఆపే బలం పంపు కూడబెట్టిన ఒత్తిడి నుంచి వస్తుంది. ఆ నిల్వ అడుగంటిందని చెప్పేదే ఆ ఎర్ర దీపం. నిల్వ పూర్తిగా అయిపోయాక పెడల్‌ను ఎంత తొక్కినా గోడను తొక్కినట్టే.

ఇక పంపు పోయిందన్న తీర్పు. మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నా అనుమానం పంపు మీద లేదు.

మన వైపు పొలాల్లో ఇంజను పంపు నీళ్లు ఎత్తకపోతే రైతు ఏం చేస్తాడో గుర్తు తెచ్చుకోండి. పానా తీసుకుని పంపు విప్పడు. ముందు ఫుట్‌వాల్వు చూస్తాడు, తర్వాత నీళ్లు లాగే గొట్టం జాయింట్ల మీద చెయ్యి పెట్టి ఎక్కడ గాలి లాగుతోందో వెతుకుతాడు. అక్కడ ఇంత బంకమట్టి మెత్తి, పంపు నిండా నీళ్లు పోసి మళ్లీ తిప్పుతాడు. పదింట తొమ్మిదిసార్లు నీళ్లు వస్తాయి. మీ కారులో జరుగుతున్నదీ అదే కథ అని నా నమ్మకం. నీళ్ల బదులు ఆయిల్, బంకమట్టి బదులు కాస్త గ్రీజు.

ఎందుకు ఇలా అంటున్నానో చెబుతాను. మీ పంపులో ఎనిమిది పిస్టన్లు రెండు జట్లుగా ఉంటాయి, ఆరు ఒక జట్టు, రెండు ఒక జట్టు. అందుకే దాన్ని ఆరు-రెండు పంపు అంటారు. ఒక జట్టు స్టీరింగును చూసుకుంటుంది, మరొకటి సస్పెన్షన్‌ను, బ్రేకులను చూసుకుంటుంది. బయటికి వెళ్లే దారులు వేరు, లోపలికి వచ్చే దారి మాత్రం ఒకటే: డబ్బా నుంచి దిగే లావుపాటి రబ్బరు గొట్టం. పిస్టన్లు అరిగితే ఒక జట్టు ముందు, ఒక జట్టు తర్వాత, నెలల తరబడి నీరసిస్తాయి. ఒకే పొద్దున రెండూ చేతులెత్తేశాయంటే, రెండింటికీ తిండి అందే చోట ఏదో అయింది. పైగా మీరే చెప్పారు, డబ్బాలో నురగ ఉందని. చెరకు రసం బండి దగ్గర గ్లాసు మీద తేలే నురగలాంటిదే కదా? ఆయిల్ దానంతట అది నురగెత్తదు. ఎక్కడో గాలి కలుస్తోంది. పంపుకు ముందున్న వైపున లోపలికి పీల్చే బలం ఉంటుంది కాబట్టి అక్కడి పగులు ఆయిల్‌ను బయటికి కార్చదు, గాలిని లోపలికి లాగుతుంది. కింద నేల మీద ఒక్క చుక్క కూడా పడి ఉండదు. గ్యారేజీ వాళ్లు మోసపోయేది అక్కడే.

నేనూ మోసపోయాను. తొంభైల్లో పారిస్ శివార్లలో ఉన్నప్పుడు నా దగ్గర ఒక బీఎక్స్ ఉండేది, మీ గ్జాంతియాకు పెద్దన్న. ఇదే మూలుగు, ఇదే నురగ. గ్యారేజీ ఆయన పంపు అన్నాడు, నేను సరే అన్నాను. తుక్కు యార్డు నుంచి ఒక పంపు తెచ్చి, రెండు ఆదివారాలు చలిలో పడుకుని మార్చాను. స్టార్ట్ చేశాను. అదే మూలుగు. నాకు పంపు అమ్మిన తుక్కు యార్డు ముసలాయనే జాలిపడి వచ్చి, బొటనవేలితో రబ్బరు గొట్టాన్ని క్లిప్పు దగ్గర ఒక్క నొక్కు నొక్కాడు. అడుగు వైపున, కంటికి కనబడని చోట, పండు మిరపకాయ నోరు తెరిచినట్టు ఒక పగులు తెరుచుకుంది. వేలు తీయగానే మూసుకుంది. అర మీటరు గొట్టానికి డబ్బు తీసుకుని వెళ్లిపోయాడు. పాత పంపు ఇంకా నా షెడ్డులో ఉంది. దానికి ఏ రోగమూ లేదు.

కాబట్టి మీరు ఇంటి దగ్గర చేయాల్సింది చాలానే ఉంది, కానీ అది పంపు విప్పడం కాదు.

మొదట భద్రత. ఈ కారు కింద దూరేటప్పుడు దాని సస్పెన్షన్‌ను నమ్మకూడదు. మీ మోడల్‌లో రాత్రిపూట కారు కుంగకుండా ఆపే వాల్వులు ఉండవచ్చు, వాటినీ నమ్మకూడదు. ఒక గొట్టం వదులైన క్షణంలో టన్నుకు పైగా బరువు నేలకు ఆనుతుంది, మధ్యలో మీ ఛాతీ ఉంటుంది. జాకీతో ఎత్తాక గట్టి ఇనుప స్టాండ్లు పెట్టండి. ఫ్రెంచి వాళ్లు వాటిని 'షాందెల్' అంటారు, అంటే కొవ్వొత్తులు. దుకాణంలో అడిగితే ఇస్తారు. ఇంకొకటి, చాలామందికి తెలియనిది: ఈ కారులో హ్యాండ్‌బ్రేకు వెనక చక్రాలకు కాదు, ముందు చక్రాలకు పడుతుంది. ముందు చక్రాలు గాలిలోకి లేచాయంటే హ్యాండ్‌బ్రేకు లేనట్టే, కారు వెనక చక్రాల మీద హాయిగా దొర్లిపోతుంది. వెనక చక్రాలకు రెండు వైపులా అడ్డుకట్టలు పెట్టకుండా జాకీ తాకవద్దు.

రెండోది, ఒత్తిడి దించడం. ఈ వ్యవస్థ సుమారు 170 బార్ల దాకా ఒత్తిడి కూడబెడుతుంది. మీ టైరులోని గాలికి అది దాదాపు డెబ్బై అయిదు రెట్లు. ఇంజను ఆగినంత మాత్రాన అది పోదు. సన్నటి రంధ్రం నుంచి వెలువడే అంతటి ఆయిల్ ధార చర్మాన్ని సూదిలా గుచ్చి లోపలికి పోతుంది. పైకి చీమ కుట్టినంత గుర్తే కనబడుతుంది, లోపల చెయ్యి పాడవుతుంది. అలా జరిగితే నొప్పి లేదని ఊరుకోకుండా, అధిక ఒత్తిడి ఆయిల్ లోపలికి దిగిందని చెబుతూ వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. కారుతున్న చోటును వేలితో ఎప్పుడూ తడమకండి, అట్టముక్క అడ్డుపెట్టి చూడండి.

దించే పద్ధతి ఇది. సీటు పక్కనున్న ఎత్తు లివరును అన్నిటికంటే కింది స్థానంలో పెట్టి కారును కూర్చోనివ్వండి. ఇంజను ఆపండి. ముందు భాగంలో ఒక గుండ్రటి గోళం బిగించి ఉన్న ఇనుప దిమ్మ కనబడుతుంది. అదే ఒత్తిడి నియంత్రించే రెగ్యులేటరు, గోళమే నిల్వ అకుమ్యులేటరు. దిమ్మ మీద 12 మిల్లీమీటర్ల పానాకు సరిపోయే ఒక స్క్రూ ఉంటుంది. దాన్ని ఒక చుట్టు, ఒక్క చుట్టే, వదులు చేయండి. బుస్సుమని ఆయిల్ డబ్బాలోకి తిరిగిపోతుంది. పూర్తిగా ఊడదీస్తే దాని కింద ఉన్న చిన్న ఉక్కు గోళీ జారిపోతుంది, ఆ తర్వాత టార్చిలైటు పట్టుకుని చీకటి పడేదాకా వెతుక్కోవాలి. స్క్రూ వదులుగా ఉంచి బ్రేకు పెడల్‌ను ఓ ముప్పై నలభై సార్లు తొక్కండి, మిగిలింది కూడా దిగుతుంది.

ఇప్పుడు డబ్బా. మూత చుట్టూ ముందు గుడ్డతో శుభ్రంగా తుడవండి, ఒక్క ఇసుక రేణువు లోపల పడినా అది పంపుకు శత్రువే. క్లిప్పు తీసి మధ్య భాగాన్ని పైకి లాగితే దానితో పాటు రెండు సన్నటి జాలీ ఫిల్టర్లు వస్తాయి. ఒకటి పంపు లాగుకునే వైపుది, మరొకటి తిరిగొచ్చే వైపుది. మీ యజమాని పెద్దాయన వాటిని పదేళ్లుగా చూసి ఉండరని నా పందెం. ఆరుబయట, నిప్పుకు దూరంగా, పెట్రోలులో కడిగి, లోపలి నుంచి బయటికి గాలి కొట్టి ఆరబెట్టండి. జాలీ మూసుకుపోయినా పంపు ఆకలితో ఇలాగే మూలుగుతుంది. డబ్బా అడుగున పేరుకున్న బురదను నూలు పోగులు రాలని గుడ్డతో తీసేయండి. డబ్బాలోకి ఆయిల్‌ను తిరిగి తెచ్చే సన్నటి గొట్టాల గుత్తి ఒకటి కనబడుతుంది. దానికి ఫ్రెంచిలో ఉన్న పేరుకు అర్థం ఆక్టోపస్. దాని కాళ్లు కూడా ముసలితనంతో చిట్లుతాయి, అయితే అవి చిట్లితే ఆయిల్ బయటికి కారుతుంది, నేల మీద తెలుస్తుంది.

అసలు ముద్దాయి దగ్గరకు రండి. డబ్బా నుంచి పంపు దాకా వెళ్లే లావు గొట్టాన్ని రెండు చివర్లా, ముఖ్యంగా అడుగు వైపు, వంచి చూడండి. కొత్త రబ్బరు వేలికి లొంగుతుంది, ముసలిది ఎండు తాటిమట్టలా బిగుసుకుని ఉంటుంది. పగులు దొరకకపోతే రైతు ఉపాయం: జాయింట్ల మీద, క్లిప్పుల చుట్టూ చిక్కటి గ్రీజు మందంగా పూసి, ఇంజనును కాసేపు మెల్లగా తిప్పి చూడండి. నురగ తగ్గి మూలుగు మారితే దొంగ దొరికినట్టే. అది పరీక్ష మాత్రమే, మరమ్మతు కాదు. గొట్టం మార్చాల్సిందే. ఈ కారుకు సరిపడే ఖనిజ ఆయిల్‌ను తట్టుకునే రబ్బరు గొట్టమే కొనండి. తోటకు నీళ్లు పెట్టే గొట్టం వారంలో ఉబ్బిపోతుంది. క్లిప్పులు కూడా కొత్తవి వేయండి, వాటి దగ్గర పిసినారితనం వద్దు.

ఆయిల్ గురించి ఒక మాట గట్టిగా చెప్పాలి. మీ కారుది ఆకుపచ్చటి ఎల్‌హెచ్‌ఎం, ఖనిజ ఆయిల్. అందులో మామూలు బ్రేకు ఆయిల్ చుక్క పడకూడదు, పడితే లోపలి రబ్బరు సీళ్లన్నీ పాడవుతాయి, అప్పుడు నిజంగానే కారు తుక్కే. 1966కు ముందు ఇదే సంస్థ డీఎస్ కార్లలో తేమను పీల్చే వేరే రకం ఎర్ర ఆయిల్ వాడేవారు, లోపలి భాగాలు తుప్పు పట్టేవి. ఆ బాధ పడలేకే ఆకుపచ్చకు మారారు. 2001లో వచ్చిన సీ5 కారుకు నారింజ రంగు ఎల్‌డీఎస్ అనే మరో ఆయిల్ పెట్టారు, అందులో బ్రేకులను కూడా సస్పెన్షన్ నుంచి విడదీశారు. దుకాణంలో ఈ డబ్బాలు పక్కపక్కనే ఉంటాయి, పేరు చదివి తీసుకోండి.

డీఎస్ మాట వచ్చింది కాబట్టి ఒక పక్క కథ, ఓపిక లేకపోతే దాటేయండి. మా పెద్దవాళ్లది యానాం. 1962 ఆగస్టు 16న యానాం చట్టరీత్యా భారతదేశంలో కలిసింది. సరిగ్గా ఆరు రోజులకు, ఆగస్టు 22న, పారిస్ దగ్గర పెతి-క్లమార్‌లో ఫ్రాన్స్ అధ్యక్షుడు డిగాల్ మీద కాల్పులు జరిగాయి. తూటాలకు టైర్లు చిరిగినా ఆయన ఎక్కిన డీఎస్ ఆగకుండా దూసుకుపోయి ఆయన్ను బతికించింది. అందులో ఉన్నది మీ కారు సస్పెన్షన్‌కు తాతే. మా ఇంట్లో ఆ రెండు వార్తలనూ ఒక్క ఊపిరిలో చెప్పేవారు. ఈ కార్ల మీద నా పిచ్చికి అదే మూలం కావచ్చు.

సరే, కొత్త గొట్టం వేశారు, ఫిల్టర్లు పెట్టారు. వెంటనే ఇంజను తిప్పవద్దు. ఎండిన పంపు తనను తాను తినేస్తుంది, ఎందుకంటే దాని కందెన కూడా ఈ ఆయిలే. గొట్టాన్ని డబ్బా వైపు విడిగా ఉంచి, గరాటుతో నిండా ఎల్‌హెచ్‌ఎం పోసి, బుడగలు ఆగేదాకా ఆగి, అప్పుడు బిగించండి. డబ్బా నింపండి. రెగ్యులేటరు స్క్రూ ఇంకా ఒక చుట్టు వదులుగానే ఉండాలి. ఇప్పుడు స్టార్ట్ చేసి యాక్సిలరేటరు తాకకుండా వదిలేయండి. పంపు ఏ ఒత్తిడీ లేకుండా ఆయిల్‌ను తిప్పి డబ్బాలో పోస్తుంది. మూత దగ్గర చెవి పెడితే ధార శబ్దం వినబడుతుంది, మొదట తుపుక్కు తుపుక్కుమని, తర్వాత ఆగకుండా. నిమిషం రెండు నిమిషాలలో ధార రాకపోతే ఆపేసి గొట్టం మళ్లీ నింపండి. ధార నిలకడగా వచ్చాక స్క్రూ బిగించండి. ఎర్ర దీపం ఆరాలి. బ్రేకులకు ఒత్తిడి అందాకే సస్పెన్షన్ వంతు వస్తుంది కాబట్టి దీపం ఆరిన తర్వాతే కారు లేస్తుంది, తొందరపడకండి. లేచాక లివరును పైకీ కిందికీ నాలుగైదు సార్లు మార్చండి. ఈ కసరత్తుతో మిగిలిన గాలి డబ్బాలోకి వచ్చేస్తుంది. ఆయిల్ మట్టాన్ని కారు పూర్తిగా పైకి లేచి ఉన్నప్పుడు, ఇంజను నడుస్తుండగా చూడాలి, తేలే సూచిక రెండు ఎర్ర వలయాల మధ్య ఉండాలి. కారు కూర్చుని ఉన్నప్పుడు ఆయిల్ డబ్బాలోకి తిరిగొచ్చి మట్టం ఎక్కువగా కనబడుతుంది, అది నమ్మితే కారు లేచాక ఆయిల్ చాలదు.

ఇంతా చేసినా పంపు మూలుగుతూనే ఉంటే? బెల్టు జారుతోందేమో చూడండి. రెగ్యులేటరు నుంచి వచ్చే టిక్కు శబ్దం వినండి. ఒత్తిడి 170 దగ్గర పంపును సేద తీరమని, 145కు దిగితే మళ్లీ పనిలోకి రమ్మని అది ఆ టిక్కుతో చెబుతుంది. కారు కదలకుండా ఉన్నప్పుడు బాగున్న కారులో టిక్కుకూ టిక్కుకూ మధ్య అర నిమిషం పైనే పడుతుంది. రెండు మూడు సెకన్లకొకసారి టిక్కుమంటుంటే అకుమ్యులేటరు గోళంలో ఒత్తిడిని నిల్వ ఉంచే నైట్రోజన్ వాయువు పోయింది, లేదా ఎక్కడో లోపల ఆయిల్ జారిపోతోంది. పంపు పాపం అక్కడ కూడా నిర్దోషే, విశ్రాంతి లేక అరిగిపోతున్న కూలీ. గోళం మార్చడం గంట పని, అదీ ఒత్తిడి దించాకే.

పంపు కప్పీ వెనక ఆకుపచ్చ తడి కనబడితే మాత్రం దాని ఇరుసు సీలు పోయినట్టు. ఆ సీలు మార్చుకోగల చేయి మీకు ఉండవచ్చు. కానీ పంపును పూర్తిగా విప్పి పిస్టన్లు బయటికి తీయకండి. వాటికి రబ్బరు రింగులు ఉండవు. ఉక్కులో ఉక్కు మైక్రాన్ల లెక్కన ఇమిడి ఉండటమే దాని సీలు. ఏ పిస్టన్ ఏ గదిలోదో తారుమారైతే మళ్లీ ఒత్తిడి పుట్టదు. విమాన పరిశ్రమలో ఉన్నవారికి ఆ కొలతల సంగతి నేను చెప్పనక్కర్లేదు. పంపే పోయిందని తేలితే బాగుచేసిన పంపును మొత్తంగా మార్చుకోండి, పాతది తిరిగి తీసుకునే వాళ్లున్నారు. మార్చేటప్పుడు ఇనుప పైపుల చివర ఉండే బుల్లి రబ్బరు తొడుగులను ప్రతిసారీ కొత్తవి వేయాలి. పాత తొడుగు కారుతుంటే నట్టును ఇంకా బిగించి ఆపాలని చూడకండి, పైపు మెడ విరుగుతుంది తప్ప కారడం ఆగదు.

ధార వస్తోంది, నురగ లేదు, అయినా దీపం ఆరడం లేదు అంటే పంపుదా, రెగ్యులేటరుదా అన్నది ఒత్తిడి గేజీ మాత్రమే చెప్పగలదు. అక్కడ మీ షెడ్డు హద్దు ముగుస్తుంది. పాత సిట్రోయెన్లు చూసే మెకానిక్ దగ్గరకు తీసుకెళ్లండి, నడుపుకుంటూ కాదు, లారీ మీద ఎక్కించి.

తీసేసిన పాత ఆయిల్‌ను సీసాలో పట్టి మీ ఊరి డెషెత్రీలో, అంటే వ్యర్థాలు తీసుకునే కేంద్రంలో, ఇవ్వండి, కాలువలో పారబోయకండి. మార్చిన గొట్టాన్ని మాత్రం పారేయకుండా నిలువునా కోసి చూడండి. పగులు ఏ చివర ఉందో, టిక్కుల మధ్య ఎన్ని సెకన్లు వస్తున్నాయో నాకు రాయండి. గోళం ఇప్పుడే కొనాలా, చలికాలం దాకా ఆగవచ్చా అన్నది ఆ రెండూ చూసి చెబుతాను.